గిట్ బ్లేమ్‌ను ఆర్‌సీఏలోకి లాగకండి: ప్రాజెక్టు మేనేజర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరు నగరాల్లోని సాఫ్ట్‌వేర్ సేవా సంస్థల డెలివరీ అధిపతులకు, ప్రాజెక్టు మేనేజర్లకు, టీమ్ లీడ్లకు నమస్కారాలు.

ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న అసలు సిస్టమ్‌లో, ఏదైనా తప్పు జరిగిన మర్నాడు మీరు తయారుచేయించే ఆర్‌సీఏ (మూలకారణ విశ్లేషణ) పత్రాల్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. తప్పు దొరికిన ఫైలు మీద గిట్ బ్లేమ్ (కోడ్ చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలో, ఒక్కో లైను ఎదురుగా దాన్ని చివరిసారి మార్చినవారి పేరు చూపే ఆదేశం) నడపడం, ఆ లైను ఎదురుగా వచ్చిన పేరునూ తేదీనీ స్క్రీన్‌షాట్ తీయడం, దాన్ని తీసుకెళ్లి ‘కారణం’ అనే గడిలో అతికించడం. కొన్నిచోట్ల అదే స్క్రీన్‌షాట్ ఏడాది చివర అప్రైజల్ దాకా కూడా వెళుతోంది. ఈ అలవాటును మానుకోవాలని, ఆ ఆదేశం దేనికి పనికొస్తుందో దానికే వాడుకునేలా మీ ప్రాజెక్టుల్లో కొన్ని ఏర్పాట్లు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను మేనేజర్ను కాను. ఇతరులు రాసి వెళ్లిన పాత కోడ్‌ను చదివి సరిచేయడమే నా ఉద్యోగం. గిట్ బ్లేమ్ లేకపోతే నాకు పూట గడవదు కనుక, ఇది ఆ పనిముట్టు మీద ఫిర్యాదు కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఎవరు ఏ లైను రాశారో గిట్ ఎక్కడో నమోదు చేసి పెట్టుకుంటుందని, మనం అడిగినప్పుడు ఆ నమోదును తీసి చూపిస్తుందని సమావేశాల్లో చాలామంది అనుకుంటారు. అలాంటి నమోదు గిట్‌లో లేదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన, ఇలాంటి పనికే వాడిన ఎస్‌సీసీఎస్ వ్యవస్థ ప్రతి లైనూ ఏ మార్పుతో వచ్చిందో ఫైలులోనే గుర్తుపెట్టి ఉంచేది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ అలా చేయదు, కమిట్ చేసిన ప్రతిసారీ, అంటే ఒక మార్పును చరిత్రలో చేర్చిన ప్రతిసారీ, ఫైళ్లు అప్పటికి ఎలా ఉన్నాయో ఆ మొత్తం రూపాన్ని భద్రపరుస్తుంది, అంతే. బ్లేమ్ అడిగినప్పుడు అది ఇప్పటి ఫైలును ముందరి కమిట్‌లోని ఫైలుతో పోల్చి, రెండింటిలోనూ ఒకేలా ఉన్న లైన్లను వెనక్కి పంపి, తేడా ఉన్న లైన్లను ఆ కమిట్ ఖాతాలో వేసి, మిగిలినవాటితో ఇంకో అడుగు వెనక్కి వేసి, ఇలా చరిత్ర మొదటికంటా నడుస్తుంది. కనుక మీ తెర మీద కనిపించేది ఆ క్షణంలో లెక్కకట్టిన ఒక అంచనా. పోల్చే పద్ధతి మార్చినా, ఖాళీలను లెక్కలోకి తీసుకోవద్దన్నా, వేరే ఫైళ్లలో కూడా వెతకమన్నా అదే లైనుకు వేరే పేరు రావచ్చు.

దీన్ని ఒక ఉదాహరణతో దగ్గరగా చూపిస్తాను. సంస్థ పేరు, క్లయింటు పేరు ఇక్కడ అక్కర్లేదు. ఒక బిల్లింగ్ అప్లికేషన్‌లో డిస్కౌంట్ తీసేశాక పైసలను కిందికి రౌండ్ చేసే లైను ఒకటి ఉండేది. నెలాఖరున మొత్తాలు లెడ్జర్‌తో కలవకపోవడానికి ఆ లైనే మూలమని తేలింది. రాత్రి బ్రిడ్జ్ కాల్‌లో (అందరూ కలిసే ఆన్‌లైన్ సమావేశంలో), అందరూ చూస్తున్న తెర మీద బ్లేమ్ నడిపితే, టీమ్‌లో అందరికంటే చిన్నదైన ఒక అమ్మాయి పేరు వచ్చింది. క్లయింటు వైపువారు వింటుండగానే ఆమెను సంజాయిషీ అడిగారు. ఆమె చేసిందల్లా, చెప్పిన ప్రకారం కోడ్ అమరికను సరిదిద్దే ఫార్మాటర్ నడిపి, ట్యాబులను స్పేసులుగా మార్చి చెక్-ఇన్ చేయడం. ఖాళీల తేడాను పట్టించుకోవద్దని చెప్పే డబ్ల్యూ ఆప్షన్ జోడించి మళ్లీ నడిపితే ఆ పేరు పోయి, ఎప్పుడో నోటీస్ పీరియడ్ ముగించుకుని వెళ్లిపోయిన ఒకాయన పేరు వచ్చింది. ఆయన చేసింది ఒక పెద్ద ఫైలును రెండుగా విడగొట్టడం. కోడ్ మరో ఫైలు నుంచి వచ్చిందేమో వెతకమని పెద్ద సీ ఆప్షన్ ఇస్తే ఆయన పేరు కూడా తొలగి, పాత ఫైలులో ఆ లైను మొదటిసారి పుట్టిన కమిట్ దొరికింది. దాని సందేశంలో ఒక టికెట్ (పని కోరుతూ చేసిన నమోదు) నంబరు, క్లయింటు కోరిన మేరకు కిందికి రౌండ్ చేస్తున్నామన్న ఒక్క వాక్యం ఉన్నాయి. అంటే మొదట రాసినవారు అడిగినట్టే రాశారు. తర్వాత ఎప్పుడో లెడ్జర్ వైపు నియమం మారింది, ఆ సంగతి ఇటువైపు ఎవరికీ అందలేదు. ఒకే లైనుకు ఒకే రాత్రి మూడు పేర్లు వచ్చాయి. మూడుసార్లూ మనం అడిగిన ప్రశ్న వేరు కాబట్టి మూడూ సరైన జవాబులే. ఆర్‌సీఏలోకి మాత్రం మొదటి స్క్రీన్‌షాటే వెళ్లింది.

ఇది మన దగ్గరి చిన్న ప్రాజెక్టుల బలహీనత అనుకోవద్దు. లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సోర్స్ తెచ్చుకుని, ఏదైనా పాత డ్రైవర్ మీద బ్లేమ్ నడిపి చూడండి. వరుసగా ఎన్నో లైన్ల ఎదురుగా లైనస్ టోర్వాల్డ్స్ పేరు, 2005 ఏప్రిల్ 16 తేదీ కనిపిస్తాయి, ఆ కమిట్ సంఖ్య ముందు ఒక టోపీ గుర్తు (^) కూడా ఉంటుంది. ఆ లైన్లను ఆయన రాయలేదు. అంతకుముందు వాడుతున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి సాధనాన్ని వదులుకోవాల్సి వచ్చి, అప్పటి కెర్నల్ వెర్షన్ 2.6.12-ఆర్‌సీ2 రూపాన్ని ఒక్క కమిట్‌గా గిట్‌లోకి ఎక్కించారు. పూర్వచరిత్ర తమ దగ్గర ఉన్నా దాన్ని తేవడం లేదని, తెస్తే సుమారు 3.2 జీబీ అవుతుందని ఆ కమిట్ సందేశంలోనే రాశారు. టోపీ గుర్తుకు అర్థం, ఇంతకు మించి వెనక్కి వెళ్లడానికి దారి లేదని. చిరిగిపోయిన అడంగల్‌ను కరణం కొత్త పుస్తకంలోకి ఎత్తిరాస్తే, దస్తూరీ ఆయనదని చెప్పి ఊళ్లోని పొలాలన్నీ ఆయన పేరున పెట్టేవాళ్లెవరూ లేరు. కానీ ఒక వెండర్ నుంచి మరో వెండర్‌కు కోడ్ జిప్ ఫైలుగా వచ్చి, బిల్డ్ ఇంజినీరు దాన్ని ఒక్క కమిట్‌గా ఎక్కించిన ప్రాజెక్టుల్లో, లక్షల లైన్లకు ఆ ఒక్కరి పేరే వస్తుంటే, ఆ పేరుకు ఎస్కలేషన్ మెయిళ్లు వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇంతకన్నా బరువైన ఉదాహరణ హార్ట్‌బ్లీడ్. 2014 ఏప్రిల్ 7న ఈ లోపం బయటపడినప్పుడు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తీకరించే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడే సర్వర్ల జ్ఞాపకం (మెమరీ) నుంచి విడతకు 64 కేబీ దాకా, అందులో ఏముంటే అది, బయటివారు లాగేయగలరని ప్రపంచానికి తెలిసింది. ఆ కోడ్‌ను చేర్చిన కమిట్ 2011 డిసెంబరు 31 రాత్రి నాటిది. దాని మీద బ్లేమ్ నడిపితే వచ్చే పేరు, ఆ కోడ్‌ను పరిశీలించి ఖజానాలో (కోడ్, దాని చరిత్ర ఉండే రిపాజిటరీలో) చేర్చిన ప్రాజెక్టు సభ్యుడిది. రాసి పంపినవారు జర్మనీలో అప్పటికి పరిశోధక విద్యార్థిగా ఉన్న వేరొక వ్యక్తి, ఆయన పేరు కమిట్ సందేశం లోపల, సమర్పించినవారి వరుసలో ఉంది. ఇద్దరి పేర్లూ బహిరంగంగానే ఉన్నా, ఈ లేఖలో వాటికి చోటు అవసరమని నేను అనుకోవడం లేదు. ఎదురుగా వచ్చిన పేరుతోనే ఆగిపోతే రచయిత ఎవరో తెలియదు, సందేశం చదివితే రచయితతో పాటు రివ్యూ చేసినవారు కూడా తెలుస్తారు. ఆ ఇద్దరితోనూ ఆగకుండా ఇంకాస్త అడిగితే, సగం ఇంటర్నెట్ ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు అప్పట్లో పూర్తికాలం పనిచేసేవారు ఒక్కరే ఉన్నారని, దానికి వచ్చే విరాళాలు ఏడాదికి సుమారు 2000 డాలర్లని తెలుస్తుంది. ఆ నెలలోనే లైనక్స్ ఫౌండేషన్ పెద్ద సంస్థలను కూడగట్టి, ఇలాంటి మౌలిక ప్రాజెక్టులకు నిధులు ఇచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. కారణం వెతకడమంటే అక్కడిదాకా వెళ్లడం, బ్లేమ్ ఎంత లోతుగా నడిపినా ఆ సంగతి ఏ లైను పక్కనా కనిపించదు.

హార్ట్‌బ్లీడ్‌లోనే ఇంకొక చిక్కు ఉంది. అక్కడ తప్పు రాసిన లైనులో లేదు, రాయని లైనులో ఉంది. అవతలి కంప్యూటరు తాను పంపిన సమాచారం ఇంత పొడవని చెప్పినప్పుడు, నిజంగా అంత వచ్చిందా లేదా అని చూసుకునే తనిఖీ లేదు. లేని లైనుకు ఎవరి పేరు పెడతారు? అలాగే ఎవరో తీసేసిన లైను కూడా బ్లేమ్‌లో కనిపించదు, ఎందుకంటే అది ఇప్పటి ఫైలులో ఉన్నవాటికే జవాబు చెబుతుంది. తీసేసిన దాన్ని వెతకాలంటే గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి, ఆ పదం ఏ కమిట్‌లో చేరిందో, ఏ కమిట్‌లో పోయిందో చూడాలి. సరిచేసిన కమిట్ నుంచి వెనక్కి నడిచి లోపం పుట్టిన కమిట్‌ను పట్టుకునే పద్ధతిని ముగ్గురు పరిశోధకులు 2005లో ప్రతిపాదించారు, వారి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఎస్‌జెడ్‌జెడ్ అంటారు. సరిచేసేటప్పుడు కేవలం కొత్త లైన్లు చేర్చితే దానికి వెనక్కి నడిచే దారి ఉండదన్నది ఆ పద్ధతికి తెలిసిన పరిమితి. మన ప్రొడక్షన్ ఇష్యూల్లో నల్ చెక్ (విలువ లేకుండా వచ్చిందేమో చూసే తనిఖీ) మరిచిపోయినవి, టైమ్‌అవుట్ పెట్టనివి, అనుమతి తనిఖీ లేనివి ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటన్నిటికీ మీ పత్రంలో ఏదో ఒక పేరు ఉంటోందంటే, ఆ పక్క లైనువారెవరో చిక్కారన్నమాట.

పేరు అనేది కూడా మీరు అనుకున్నంత గట్టిది కాదు. కమిట్‌లో పడే పేరు, మెయిల్ చిరునామా ఎవరి కంప్యూటరులో వారు అమర్చుకున్నవి, సంతకం చేసిన కమిట్లను తప్పనిసరి చేస్తే తప్ప గిట్ వాటిని సరిచూడదు. ఒక్కో కమిట్‌లో రచయిత, కమిట్ చేసినవారు అని రెండు పేర్లు ఉంటాయి, బ్లేమ్ మామూలుగా చూపేది మొదటిది. బ్రాంచిలోని కమిట్లన్నీ ఒకే కమిట్‌గా స్క్వాష్ చేసి కలిపితే నలుగురి పని ఒక పేరు కిందికి చేరవచ్చు. క్లయింటు ఇచ్చిన ఐడీలు తక్కువై, ఆఫ్‌షోర్ వాళ్ల మార్పులన్నీ ఆన్‌సైట్ కోఆర్డినేటర్ ఐడీ మీద వెళ్లే ప్రాజెక్టులు మీకు తెలియనివి కావు. ఇప్పుడు ఏఐ సాధనాలు సూచించిన లైన్లు కూడా, ట్యాబ్ నొక్కి ఒప్పుకున్నవారి పేరు మీదనే చేరుతున్నాయి. ఇక ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే సాధనంలో రహస్యంగా దొంగదారి చొప్పించిన సంగతి 2024 మార్చి చివర బయటపడింది, ఆ వ్యవహారం చూడండి. దొంగదారిని తెరిచే కీలకమైన స్క్రిప్టు విడుదల చేసిన టార్ ఫైలులోనే (కట్టగట్టిన ప్యాకేజీలోనే) ఉంది, గిట్ ఖజానాలో లేదు, కనుక అక్కడ బ్లేమ్ నడిపేవారికి ఆ లైనే దొరకదు. మిగతా కమిట్ల మీద ఉన్న పేరు వెనుక అసలు మనిషి ఎవరో ఆ పేరును బట్టి తేలలేదు. కావాలని చేసినవాడికి పేరు మార్చుకోవడం ఒక పని కాదు. నిజాయితీగా పనిచేసేవాళ్లే సొంత పేరుతో దొరుకుతారు.

ఈ అలవాటు వల్ల కలిగే నష్టం అవమానంతో ఆగడం లేదు, కోడ్ పాడవుతోంది. ముట్టుకున్నవాడిదే పాపం అని తేలాక పాత ఫైలును ఎవరు ముట్టుకుంటారు? రెండు వేల లైన్ల ఫంక్షన్‌ను విడగొట్టాలని తెలిసినవారు కూడా, విడగొడితే రెండు వేల లైన్లకూ తమ పేరు వస్తుందని లెక్కవేసుకుని, ఉన్నదాని మధ్యలో ఇంకొక ఇఫ్ షరతు ఇరికించి బయటపడుతున్నారు. పేర్లు సరిచేయాల్సిన వేరియబుల్స్ అలాగే ఉంటాయి, ఎవరూ పిలవని ఫంక్షన్లు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కమిట్ సందేశాలైతే మరీ దారుణం. ఏం రాస్తే రేపు మెడకు చుట్టుకుంటుందోనని ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’ అని ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఆ లైను అలా ఎందుకుందో చెప్పగలిగిన ఒకే ఒక్క చోటు అలా ఖాళీ అయిపోతోంది. ఫ్రెషర్లకు మనం కేటీ (పని అప్పగిస్తూ వివరించడం) ఇచ్చేటప్పుడు చెప్పని, సీనియర్లు మాత్రం వాళ్లకు తొందరగా నేర్పేస్తున్న విద్య ఇదొకటి.

ఇదే సమాచారాన్ని లైనక్స్ కెర్నల్ వాళ్లు ఎలా వాడుకుంటారో చూస్తే తేడా తెలుస్తుంది. ఒక లోపాన్ని సరిచేసే ప్యాచ్‌లో (పరిశీలనకు పంపే మార్పులో) ‘ఫిక్సెస్’ అనే వరుస చేర్చి, లోపం పుట్టిన కమిట్ సంఖ్యలో మొదటి 12 అక్షరాలను, దాని శీర్షికను రాయమంటారు. అక్కడ మనిషి పేరు ఉండదు. ఆ వరుసను చూసి, పాత స్థిర విడుదలల్లో దేనికి ఈ ప్యాచ్ అవసరమో, దేనికి అక్కర్లేదో తేలుస్తారు. ప్యాచ్ ఎవరికి పంపాలో చెప్పే స్క్రిప్టులో కూడా బ్లేమ్ సమాచారం వాడుకునే ఆప్షన్ ఉంది, దాని ఉద్దేశం ఆ కోడ్ తెలిసినవారి కంట ఈ మార్పు పడాలని. అంటే ఆ పేరును పట్టుకుని వెళ్లేది ఒక ప్రశ్న అడగడానికి, ఒక అభిప్రాయం తీసుకోవడానికి. నేను కూడా ఉద్యోగంలో దాన్ని అలాగే వాడతాను. వింతగా ఉన్న ఒక షరతు కనిపిస్తే బ్లేమ్ ద్వారా కమిట్, కమిట్ ద్వారా టికెట్, టికెట్ ద్వారా ఆనాటి అవసరం పట్టుకుంటాను. మనుషుల దగ్గరికి వెళ్లేది ఆ తర్వాత, ఆ కాగితాలేవీ చెప్పనిది తెలుసుకోవడానికి.

క్లయింటే పేరు అడుగుతారని మీరు అనవచ్చు. వారి ఆర్‌సీఏ నమూనాలో ఆ గడి ఉన్నమాట నిజమే. కానీ ఆ గడిలో కమిట్ సంఖ్య, అది వచ్చిన కారణం, రివ్యూలో అది ఎలా దాటిపోయింది, ఏ పరీక్ష ఉంటే పట్టుకునేదో రాసి పంపితే తిప్పి పంపిన క్లయింటును నేను చూడలేదు. వారికి కావలసింది మళ్లీ జరగదన్న హామీ, అది ఒక ఉద్యోగి పేరులో దొరకదు. నిజంగానే ఎవరైనా కావాలని చేశారన్న అనుమానం ఉంటే అది వేరే విచారణ. అప్పుడు సర్వర్‌లో పుష్ నమోదులు, లాగిన్ రికార్డులు, కమిట్ సంతకాలు చూడాలి తప్ప, ఎవరైనా తమ మెషీన్‌లో టైపు చేసుకోగల పేరును సాక్ష్యంగా పెట్టకూడదు.

మీ చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే సులువైనది ఫార్మాటింగ్ మార్పులను విడిగా ఒక కమిట్‌గా చేయించడం, ఆ కమిట్ సంఖ్యను ఖజానాలోనే ఒక ఫైలులో రాసి ఉంచడం. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి, ఆ ఫైలును చూపిస్తే బ్లేమ్ ఆ కమిట్లను దాటుకుని వెనక్కి వెళుతుంది. లైన్లను విరగగొట్టే ఫార్మాటర్ల విషయంలో డబ్ల్యూ ఆప్షన్ చాలదు, ఈ ఫైలే కావాలి. పూటపని కూడా కాని ఈ ఏర్పాటు లేని ప్రాజెక్టులే నాకు ఎక్కువగా ఎదురయ్యాయంటే నమ్మండి. కమిట్ సందేశంలో టికెట్ నంబరుతో పాటు కారణం ఒక్క వాక్యంలోనైనా లేకపోతే రివ్యూలో ఆపే అధికారం రివ్యూ చేసేవారికి ఇవ్వండి, రిలీజ్ తేదీ పేరు చెప్పి ఆ అధికారాన్ని మీరే పక్కకు నెట్టకండి. అప్రైజల్ పత్రాల నుంచి లైన్ల లెక్కలను, బ్లేమ్ స్క్రీన్‌షాట్లను తీసేయించండి. ఈ చివరిది హెచ్ఆర్ వారి పరిధి అని తప్పించుకోవద్దని మనవి, ఎందుకంటే వారికి ఆ స్క్రీన్‌షాట్ పంపేది మన వైపు నుంచే.

కష్టమైనది చరిత్రను కాపాడటం, దానికి డబ్బు ఖర్చవుతుంది. సబ్‌వర్షన్ అనే పాత సాధనం నుంచి గిట్‌కు మారేటప్పుడు తాజా రూపాన్ని మాత్రమే తెచ్చుకుంటే పని ఒక్క రోజులో అయిపోతుంది, పాత పేర్లను కొత్త చిరునామాలకు జతచేసే జాబితాతో సహా మొత్తం చరిత్రను తేవాలంటే వారాలు పట్టవచ్చు. ఆ వారాలకు అంచనాలో చోటివ్వండి. టికెట్ వ్యవస్థ మారినప్పుడు పాత నంబర్లు తెరుచుకోకుండా పోతే కమిట్ సందేశాల్లోని నంబర్లన్నీ ఉత్త అంకెలుగా మిగులుతాయి, కాబట్టి పాత టికెట్ల ప్రతిని చదవడానికైనా అందుబాటులో ఉంచండి. ప్రాజెక్టు మరొక వెండర్ నుంచి మన చేతికి వస్తున్నప్పుడు జిప్ ఫైలు తీసుకోబోమని, కమిట్ చరిత్రతో కూడిన పూర్తి ఖజానా కావాలని అప్పగింత ఒప్పందంలోనే రాయించండి. మన చేతి నుంచి పోతున్నప్పుడు కూడా అలాగే ఇవ్వండి. ఈ త్రైమాసికంలో కుదుర్చుకోబోయే ఒప్పందాలతోనే ఇది మొదలుపెట్టగలరని, పాత ప్రాజెక్టుల్లో ఎక్కడెక్కడ చరిత్ర తెగిపోయి ఉందో టీమ్ లీడ్ల చేత ఒక జాబితా తయారుచేయించగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మెయింటెనెన్స్ ప్రోగ్రామర్,
హైదరాబాద్